రెండు చీటీలు, ఒకటే ఛాతీ

(ఒక ఆదివారం ఉదయం మా ఊరి శాఖా గ్రంథాలయంలో జరిగిన ప్రసంగం. మాట్లాడినవారు మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ బోధించి రిటైరైన అధ్యాపకురాలు. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్ళు ముందుకి రండి, కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. బాబూ, ఆ ఫ్యాను కాస్త తగ్గించు. దాని చప్పుడు మీద నేను గొంతు పెంచి మాట్లాడాలంటే అరగంటకి నాకు ఆయాసం వస్తుంది. నాకు తొమ్మిదో ఏటి నుంచి ఉబ్బసం. ఇదిగో, సంచీలో కళ్ళజోడు మరిచిపోయినా ఈ ఇన్‌హేలర్ మరిచిపోను.

పోయిన వారం నిర్వాహకులు ఫోన్ చేసి, "అమ్మా, ఏ విషయం మీద మాట్లాడతారని రాయమంటారు?" అన్నారు. ఆయాసం మందులు, టెన్షన్ మందులు కలిసి వాడితే ఏమవుతుంది అని రాయమన్నాను. ఆయన కాసేపు ఆగి, "రెండూ వాడేవాళ్ళు అంతమంది ఉంటారంటారా?" అన్నారు. సరే, ఇప్పుడే చూద్దాం. ఇంట్లో ఇన్‌హేలర్ గానీ ఆయాసం మాత్ర గానీ వాడేవాళ్ళు ఉన్నవాళ్ళు చేతులెత్తండి. అబ్బో, చాలానే లేచాయి. దించండి. ఇప్పుడు, ఇంట్లో టెన్షన్ మాత్రో, నిద్ర మాత్రో, నరాల మాత్ర అంటామే, అదో వాడేవాళ్ళు ఉన్నవాళ్ళు ఎత్తండి.

ఒకటి. రెండు. అంతేనా?

చూశారా? మొదటిదానికి లేచిన చేతులు రెండోదానికి లేవలేదు. నేనేమీ తప్పు పట్టడం లేదమ్మా, నవ్వకండి. నేను ఇవాళ చెప్పబోయేదంతా ఆ లేవని చేతుల గురించే. ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు కూడా ఆ చేయి లేవదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని ఆయన అడుగుతాడు. "బీపీ మాత్ర సార్" అంటాం. టెన్షన్ మాత్ర మాట ఎత్తం. అలాగే మానసిక వైద్యుడి దగ్గర కూర్చుని ఆయాసం సంగతి చెప్పం, ఇది మనసు డాక్టరు కదా, ఊపిరితో ఈయనకేం పని అనుకుంటాం. ఒక డాక్టరు రాసిన చీటీ ఇంకో డాక్టరు చూడడు. రెండు చీటీలూ మన సంచీలోనే కలుస్తాయి, తరవాత మన ఒంట్లో కలుస్తాయి.

అన్నిటికంటే ముందు ఒక మాత్ర గురించి చెప్పాలి. మిగతావన్నీ మరిచిపోయినా ఇదొక్కటి గుర్తుంచుకుంటే నేను వచ్చిన పని అయినట్టే. దాని పేరు ప్రొప్రనలాల్. మళ్ళీ చెబుతాను, ప్రొ-ప్ర-న-లాల్. పెన్ను ఉన్నవాళ్ళు రాసుకోండి.

ఇదేం మాత్ర? గుండెదడకి ఇస్తారు, చేతుల వణుకుకి ఇస్తారు, మైగ్రేన్ తలనొప్పి మాటిమాటికీ రాకుండా ఇస్తారు, థైరాయిడ్ ఎక్కువై గుండె పరుగులు పెడుతుంటే ఇస్తారు. స్టేజీ ఎక్కితే కాళ్ళు వణికేవాళ్ళకి, ఇంటర్వ్యూ అంటే చెమటలు పట్టేవాళ్ళకి కూడా ఇస్తారు. మంచి మందే. దాన్ని కనిపెట్టిన జేమ్స్ బ్లాక్‌కి 1988లో నోబెల్ బహుమతి కూడా వచ్చింది. గుండె జబ్బుల వైద్యాన్నే మార్చేసిన మందు. కానీ ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు. "చూసి వాడాలి" అనే తరగతి కాదమ్మా ఇది, వాడకూడదు అనే తరగతి.

నా సంగతే చెబుతాను. సిగ్గుపడాల్సిన సంగతి. ఎంబీబీఎస్ రెండో ఏడాదిలో ఉన్నాను, ఫార్మకాలజీ వైవా. రాత్రంతా చదివాను. పొద్దున లేచేసరికి చేతులు వణుకుతున్నాయి, గుండె దడదడ. హాస్టల్లో పక్క గదిలో ఉండే సీనియరు అక్క ఒక మాత్ర చేతిలో పెట్టింది. "నాకు మైగ్రేన్‌కి ఇచ్చారు, వణుకు కూడా ఆగుతుంది, వేసుకో" అంది. వేసుకున్నాను. వణుకు ఆగింది, నిజమే! గంటన్నరకి, వైవా కోసం బయట బెంచీ మీద కూర్చుని ఉండగా, ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి. ఇన్‌హేలర్ తీసి రెండు పఫ్‌లు కొట్టాను. ఏమీ కాలేదు. ఇంకో రెండు. ఏమీ కాలేదు. జీవితంలో మొదటిసారి ఆ మందు నా మీద పనిచేయలేదు. ఉబ్బసం ఉన్నవాళ్ళకి చెప్పనక్కర్లేదు ఆ భయం ఎలాంటిదో. క్యాజువాలిటీకి మోసుకెళ్ళారు. వేరే దారిన పనిచేసే ఇంకో మందు, ఇప్రట్రోపియం, గాల్లో కలిపి పట్టించి, ఆక్సిజన్ పెట్టి, సాయంత్రానికి నిలబెట్టారు.

సిగ్గుపడాల్సిందని ఎందుకన్నానంటే, ప్రొప్రనలాల్ ఉబ్బసానికి పడదని నేను ఆ వారమే చదివాను. అండర్‌లైన్ కూడా చేశాను! పుస్తకంలో ఉన్నది మందు పేరు. అక్క ఇచ్చిన స్ట్రిప్ మీద పెద్దక్షరాల్లో ఉన్నది కంపెనీ పెట్టుకున్న పేరు. చదువుకున్నదాన్ని, ఆ రెండూ ఒకటేనని నాకే తట్టలేదు. మీకు తట్టలేదంటే తప్పు మీదా?

సరే, ఎందుకలా అయింది? కొంచెం ఓపిక పట్టండి, ఇది తెలిస్తే మిగతాదంతా తేలిక.

మన ఊపిరి గొట్టాల చుట్టూ సన్నని కండరం ఉంటుంది. అది బిగిస్తే గొట్టం ఇరుకవుతుంది, గాలి బయటికి వచ్చేటప్పుడు కూత వేస్తుంది. ఆ కండరం మీద తాళంకప్పల్లాంటివి ఉంటాయి, బీటా-2 రిసెప్టర్లని పేరు. వాటిలో సరైన తాళంచెవి తిరిగితే కండరం వదులవుతుంది. మన ఒంట్లో పుట్టే అడ్రినలిన్ ఒక తాళంచెవి. సాల్బ్యుటమాల్, అదే మనం ఆస్థాలిన్ అని పిలుచుకునేది, ఇంకొక తాళంచెవి. 1969లో వచ్చింది ఇంగ్లండులో. అంతకు ముందు వాడే మందులు గుండెని కూడా బాగా కొట్టించేవి, ఇది ఎక్కువగా ఊపిరి గొట్టాల తాళాన్నే వెతుక్కుంటుంది. గుండె మీద ఉండే తాళాలు ముఖ్యంగా బీటా-1 రకం. ప్రొప్రనలాల్ ఏం చేస్తుందంటే, ఏ తాళంలోనూ తాళంచెవి దూరకుండా మైనం పూస్తుంది. గుండె మీద పూస్తే దడ తగ్గుతుంది, మనకి కావాల్సిందదే. కానీ గుండె మీద ఒక్కదానికే పూయడం దానికి తెలీదు. ఊపిరి గొట్టాల మీద కూడా పూసేస్తుంది. ఇక మీరు ఎన్ని పఫ్‌లు కొట్టినా తాళంచెవి ఎక్కడ దూరుతుంది?

అందుకే దీనికి రెండు దెబ్బలు. ఒకటి, ఉబ్బసం తెప్పిస్తుంది. రెండు, తగ్గించాల్సిన మందుని పనిచేయనివ్వదు. ఒక్క మాత్ర చాలు.

ఇంతవరకూ మీరు, "మాకు డాక్టరు ఆ పేరు రాయలేదులే" అని అనుకుంటూ ఉండచ్చు. ఇక్కడే మెలిక ఉంది. మన దేశంలో ప్రొప్రనలాల్ జంట మాత్రల్లో కూడా దొరుకుతుంది. టెన్షన్‌కి ఇచ్చే క్లోనజిపామ్‌తో కలిపి ఒకటి, అలాంటిదే ఎటిజోలామ్‌తో కలిపి ఒకటి, మైగ్రేన్‌కి వాడే ఫ్లునారిజిన్‌తో కలిపి ఒకటి. కంపెనీ పేరు మామూలు టెన్షన్ మాత్ర పేరులాగే ఉంటుంది, చివర ఒక చిన్న తోక తగిలిస్తారు. మందుల షాపులో "మొన్న ఇచ్చిన టెన్షన్ మాత్రే ఇవ్వండి" అంటే ఆ తోక ఉన్నది ఇచ్చారో లేనిది ఇచ్చారో మనం చూస్తామా? చూడండి. స్ట్రిప్ వెనక చిన్న అక్షరాల్లో మందుల అసలు పేర్లు ఉంటాయి. మన వయసుకి కనపడవు, ఒప్పుకుంటాను. మనవడి ఫోనుతో ఫొటో తీయించి పెద్దది చేసి చూడండి. పిల్లలు దీనికి మాత్రం విసుక్కోరు.

ఇంకొకటి, ఇది టెన్షన్ మందు కాదు కానీ చెప్పకుండా ఉండలేను. కంట్లో ప్రెషరు, గ్లకోమా ఉన్నవాళ్ళకి టిమొలాల్ అని చుక్కలు రాస్తారు. అది కూడా ఈ జాతిదే. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి రక్తంలో కలుస్తుంది, ఉబ్బసం తెప్పించగలదు. కంటి డాక్టరుకి ఆయాసం సంగతి ఎందుకు చెప్పాలో ఇప్పుడు అర్థమైందా?

ఒక్క జాగ్రత్త. ఇవాళ ఇది విని ఇంటికి వెళ్ళి, ప్రొప్రనలాల్ వాడుతున్నవాళ్ళు టక్కున మానేయకండి. గుండె జబ్బు ఉన్నవాళ్ళు హఠాత్తుగా ఆపితే గుండె ఎదురుతిరుగుతుంది. రాసిన డాక్టరుకి వెంటనే ఫోన్ చేసి, నాకు ఉబ్బసం ఉందని చెప్పండి. ఆయన మారుస్తాడు. గుండె మీదే ఎక్కువగా పనిచేసే బిసోప్రొలాల్ లాంటివి ఉన్నాయి, వాటితో చిక్కు తక్కువ. అయినా అది డాక్టరు చూసుకుని ఇవ్వాల్సిందే, మనం మార్చుకునేది కాదు.

మంచినీళ్ళు... ఆ, థాంక్స్ అమ్మా.

ఇప్పుడు దీనికి అటువైపు చూద్దాం. టెన్షన్ మందు ఉబ్బసాన్ని ఎలా చెడగొడుతుందో చూశాం. మరి ఉబ్బసం మందు టెన్షన్‌ని ఏం చేస్తుంది?

ఇన్‌హేలర్ కొట్టాక చేతులు వణుకుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది. ఎంతమందికి అనుభవం? ఆ, ఇప్పుడు చేతులు లేస్తున్నాయి! అది జబ్బు కాదు, మందు గుణం. ఒంట్లో కండరాల మీద కూడా ఆ తాళాలు ఉన్నాయి కదా, అందుకని. కొంతసేపటికి తగ్గిపోతుంది. కానీ టెన్షన్ జబ్బు ఉన్న మనిషి సంగతి ఆలోచించండి. ఆయనకి గుండెదడ అంటే ఏమిటి? రాబోయే ఉపద్రవానికి గుర్తు. ఊపిరాడనట్టు అనిపించి రెండు పఫ్‌లు కొడతాడు. గుండె దడదడలాడుతుంది. దడ వచ్చింది కాబట్టి భయం పెరుగుతుంది, భయపడితే ఊపిరి ఇంకా వేగంగా తీస్తాడు, ఊపిరాడట్లేదని ఇంకో రెండు పఫ్‌లు కొడతాడు. గానుగెద్దులాగా అక్కడే తిరుగుతూ ఉంటాడు. ఇందులో ఉబ్బసం ఎంత, భయం ఎంత?

నాకూ చాలాసార్లు తెలిసేది కాదు. ఇప్పుడు కొంత తెలుస్తుంది. ఉబ్బసంలో గాలి బయటికి వదలడం కష్టం, వదిలేటప్పుడు కూత వస్తుంది, దగ్గు వస్తుంది, తెల్లవారుజామున ఎక్కువవుతుంది. భయంతో వచ్చేదాంట్లో ఎంత పీల్చినా చాలలేదనిపిస్తుంది, పెదాల చుట్టూ వేళ్ళ చివర తిమ్మిరి ఎక్కుతుంది, కూత ఉండదు. కానీ రెండూ కలిసే వస్తే? వస్తాయి కూడా. అందుకే నేను ఒక చిన్న ప్లాస్టిక్ గొట్టం కొనుక్కున్నాను, పీక్ ఫ్లో మీటరంటారు. బలంగా ఊదితే ముల్లు కదులుతుంది. బాగున్న రోజున నా లెక్క ఎంతో నాకు తెలుసు. దడ వచ్చినప్పుడు ఊదుతాను. లెక్క మామూలుగా ఉంటే అది ఛాతీ కాదు, మనసు అని కాసేపు కూర్చుంటాను. లెక్క పడిపోతే పఫ్ కొడతాను. ఊదడం చేతకానంత ఆయాసంగా ఉంటే మాత్రం గొట్టం వెతుక్కుంటూ కూర్చోకూడదు, మందే ముందు. ఏది ఏదో తేలకపోయినా అంతే, ఉబ్బసమనే అనుకుని మందు తీసుకోవాలి.

ఇన్‌హేలర్ లెక్క కూడా చూసుకోండి. మామూలుగా ఒక డబ్బాలో 200 పఫ్‌లు. ఏడాదికి మూడో అంతకంటే ఎక్కువో నీలం డబ్బాలు, అంటే ఈ సాల్బ్యుటమాల్ ఇన్‌హేలర్లు, అయిపోతున్నాయంటే ఉబ్బసం అదుపులో లేదని లెక్క, తీవ్రంగా వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పన్నెండు, అంటే నెలకొకటి అయిపోతుంటే, ప్రాణానికే ప్రమాదం పెరుగుతుంది. ప్రపంచమంతా డాక్టర్లు చూసుకునే గీనా మార్గదర్శకాలు 2019 నుంచి, ఒట్టి సాల్బ్యుటమాల్ మీద బతకొద్దు, స్టెరాయిడ్ ఉన్న ఇన్‌హేలర్ ఉండాల్సిందే అంటున్నాయి. స్టెరాయిడ్ అనగానే మొహం పెట్టకండమ్మా. పీల్చే మోతాదు మైక్రోగ్రాముల్లో. అది సరిగ్గా వాడితే నీలం డబ్బా అవసరం తగ్గుతుంది, దడ తగ్గుతుంది. టెన్షన్‌కి అది కూడా మందేనని నా అభిప్రాయం.

"ఇన్‌హేలర్ అలవాటైపోతుంది, మాత్రలే మేలు" అనేవాళ్ళు మన ఊళ్ళో ఇంకా ఉన్నారు. వాళ్ళకి ఒక చిన్న లెక్క. ఒక పఫ్‌లో సాల్బ్యుటమాల్ 100 మైక్రోగ్రాములు. ఒక మాత్ర 4 మిల్లీగ్రాములు. అంటే ఎన్ని పఫ్‌ల మందు? నలభై! పైగా అది ఊపిరితిత్తుల్లోకి నేరుగా వెళ్ళకుండా ఒళ్ళంతా తిరిగి వస్తుంది. వణుకు, దడ దేనికి ఎక్కువుంటాయో మీరే చెప్పండి. ఆ వణుకు చూసి ఆర్‌ఎంపీ గారు నరాల బలహీనత అంటారు, దానికో మాత్ర. ఒక మందు చేసిన పనికి ఇంకో మందు!

ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో వెనకటికి టెడ్రాల్ అని ఉబ్బసం మాత్ర ఉండేది. అందులో మూడు మందులు. థియోఫిలిన్, ఎఫెడ్రిన్, ఫినోబార్బిటోన్. మొదటి రెండూ ఊపిరికి. మూడోది, మనం ఫిట్స్‌కి గార్డినాల్ అని వాడతామే, అదే. అది ఎందుకు పెట్టారు? ఎఫెడ్రిన్ వేసుకుంటే మనిషి స్థిమితంగా కూర్చోలేడు, నిద్రపోలేడు. ఆ కంగారు అణచడానికి మత్తు కలిపారు. తమాషా ఏమిటంటే, ఆ ఫినోబార్బిటోన్ కాలేయాన్ని హుషారు చేసి, పక్కనే ఉన్న థియోఫిలిన్‌ని త్వరగా ఖర్చు చేయించేస్తుంది. ఒకే మాత్రలో కాపురం, ఒకదానికొకటి పడదు!

థియోఫిలిన్ మాట వచ్చింది కాబట్టి దాని దగ్గర కొంచెం ఆగుతాను. ఆ మందు ఉన్న డెరిఫిల్లిన్ మాత్ర మీ అందరికీ తెలుసు. పెద్దవాళ్ళలో ఇంకా వాడేవాళ్ళున్నారు, చవక, పాత అలవాటు. ఆల్బ్రెక్ట్ కోసెల్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1888లో దీన్ని టీ ఆకుల్లోంచి తీశాడు, పేరులో ఆ 'థియో' టీ ఆకే. కాఫీలో ఉండే కెఫీన్‌కి దగ్గర చుట్టం. అందుకే ఇది వేసుకున్నవాళ్ళు నాలుగు కప్పుల ఫిల్టర్ కాఫీ తాగినట్టు ఉంటారు. దడ, నిద్ర పట్టకపోవడం, చిరాకు. టెన్షన్ ఉన్నవాళ్ళకి టెన్షన్ పెంచుతుంది. అంతకంటే పెద్ద సమస్య, దీనికి హద్దు చాలా సన్నం. పనిచేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య సందు ఇంతే. రక్తంలో మిల్లీలీటరుకి 20 మైక్రోగ్రాములు దాటితే వాంతులు, గుండె లయ తప్పడం. ఇంకా పెరిగితే ఫిట్స్.

ఇప్పుడు ఫ్లూవోక్సమిన్ అని ఒక మందుంది. అతి శుభ్రం, చేసిన పనే మళ్ళీ మళ్ళీ చేయడం, గడియ పెట్టానా లేదా అని పదిసార్లు చూడటం, ఆ ఓసీడీకి, ఆందోళనకి ఇస్తారు. థియోఫిలిన్‌ని కాలేయంలో విరగ్గొట్టే ఎంజైమ్ ఒకటుంది. ఫ్లూవోక్సమిన్ దాన్ని కూర్చోబెట్టేస్తుంది. ఫలితం? వేసుకున్న థియోఫిలిన్ బయటికి పోదు, రోజురోజుకీ పేరుకుంటుంది. రెండూ తప్పనిసరి అయితే థియోఫిలిన్ మోతాదు మూడో వంతుకి తగ్గించాలని ఆ మందు కాగితం మీదే ఉంటుంది. మూడో వంతుకి! ఊపిరి డాక్టరుకి ఆ ఫ్లూవోక్సమిన్ సంగతి తెలియకపోతే ఎవరు తగ్గిస్తారు? కాఫీ కూడా ఆ దారినే విరుగుతుంది. కాబట్టి ఆ మాత్ర వాడేవాళ్ళకి పొద్దున తాగిన కాఫీ రాత్రికీ దిగదు.

పొగ సంగతి కూడా ఇక్కడే. బీడీ, చుట్ట, సిగరెట్ పొగ ఆ ఎంజైమ్‌ని పరుగెత్తిస్తుంది. పొగ తాగేవాళ్ళకి థియోఫిలిన్ ఎక్కువ కావాలి. మరి ఆయన ఆస్పత్రిలో చేరి, భయపడి, చుట్ట మానేశాడనుకోండి. చాలా మంచిది. కానీ పాత మోతాదే నడుస్తుంటే మందు ఎక్కువైపోతుంది. నాలుగు రోజులకి దడ, వణుకు, నిద్ర లేదు. ఇంట్లోవాళ్ళేమంటారు? "చుట్ట మానేసినందుకు పిచ్చెక్కుతోంది, ఒకటి కాల్చనివ్వండి పాపం." మనసు మీదికి తోసేస్తాం. పొగ మానిన సంగతి కూడా డాక్టరుకి చెప్పాల్సిన సంగతే.

ఇక అసలు టెన్షన్ మాత్రలు. ఆల్ప్రజోలామ్, క్లోనజిపామ్, డయజిపామ్, ఎటిజోలామ్. మనకి ఇవి కొత్త కాదు. తెలంగాణలో కల్తీ కల్లులో కలిపేది కూడా ఆ ఆల్ప్రజోలామ్, డయజిపామ్‌లే కదా. కల్లు దొరకని రోజున మనుషులు ఎలా వణికిపోతారో, ఫిట్స్ వచ్చి ఎలా పడిపోతారో పేపర్లలో చూశాం. చీటీ మీద రాసినా అదే మందు, దాని స్వభావం మారదు. నెలల తరబడి వాడినవాళ్ళు ఒక్కసారిగా ఆపకూడదు, మెల్లమెల్లగా దించాలి. ఆల్ప్రజోలామ్, డయజిపామ్ షెడ్యూల్ హెచ్1లో, అంటే చీటీ లేకుండా అమ్మకూడని మందుల జాబితాలో, ఉన్నాయి, షాపువాళ్ళు రిజిస్టర్లో రాసి మూడేళ్ళు దాచాలి. పాత చీటీ చూపించి తెచ్చుకునేవి కావు.

ఉబ్బసం అదుపులో ఉన్నవాళ్ళకి, డాక్టరు చూసి ఇచ్చిన కొద్ది మోతాదుతో సాధారణంగా పెద్ద ఇబ్బంది రాదు. మరి ఎప్పుడు భయపడాలి? ఆయాసం ఉధృతంగా వచ్చినప్పుడు. దయచేసి ఇది శ్రద్ధగా వినండి. వెనక మాటలు కాస్త ఆపండి బాబూ.

ఆయాసం వచ్చిన మనిషి కూర్చోలేడు, పడుకోలేడు, కళ్ళు పెద్దవి చేసి అటూ ఇటూ చూస్తాడు, చొక్కా లాగేసుకుంటాడు. చూసేవాళ్ళకి "భయపడుతున్నాడు" అనిపిస్తుంది. భయపడుతున్నాడు నిజమే, ఎందుకు భయపడుతున్నాడు? గాలి అందక. ఆ సమయంలో ఆ భయమే ఆయన్ని బతికిస్తోంది, ప్రతి ఊపిరీ బలవంతంగా లాగిస్తోంది. అప్పుడు ఒక టెన్షన్ మాత్ర ఇచ్చి పడుకోబెడితే ఆ లాగే శక్తి తగ్గుతుంది, ఒంట్లో కార్బన్ డయాక్సైడ్ పేరుకుంటుంది. మనిషి నెమ్మదిస్తాడు, కళ్ళు మూస్తాడు, కూత కూడా వినపడదు. "అమ్మయ్య, నిద్రపట్టింది, తగ్గింది" అంటారు ఇంట్లోవాళ్ళు. అది తగ్గడం కాదు. గాలి ఆడటం లేదు కాబట్టి కూత లేదు. ఉబ్బసం ఉధృతంగా ఉన్నప్పుడు మత్తు మందులు అసలు ఇవ్వొద్దని గీనా మార్గదర్శకాలు గట్టిగానే చెబుతాయి. క్యాజువాలిటీలో డ్యూటీ చేసిన రోజుల్లో ఆ మాట, "నిద్రపోతున్నాడనుకున్నామమ్మా" అనే మాట, నేను విన్నాను. ఒకసారి విన్నది చాలు నాకు.

ఆయాసంతో ఉన్న మనిషి ఒక వాక్యం పూర్తిగా పలకలేకపోతున్నా, పెదాలు నీలంగా మారుతున్నా, మత్తుగా జోగుతున్నా, పఫ్‌లతో తగ్గకపోయినా 108కి ఫోన్ చేయండి. బండి వచ్చేదాకా ఇన్‌హేలర్ ఇస్తూనే ఉండండి, స్పేసర్, అదే ఇన్‌హేలర్‌కి తగిలించుకునే పెద్ద గొట్టం, ఉంటే దాంతో.

"మరి టెన్షన్‌కి ఏ మందూ వాడకూడదా?" ఆ ప్రశ్న వస్తుందని తెలుసు. వాడాలి! ఎందుకు వాడకూడదు? టెన్షన్ అదుపులో లేనివాళ్ళకి ఉబ్బసాన్ని అదుపులో పెట్టడం కూడా కష్టమవుతుంది. డాక్టర్లు ఇప్పుడు ఎక్కువగా రాసేవి ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ లాంటివి. ఇవి ఊపిరిని అణచవు, పీల్చే మందులతో మామూలుగా గొడవపడవు. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, మొదటి వారంలో కొందరికి కంగారు కాస్త పెరిగినట్టు కూడా ఉంటుంది. అప్పుడు దాన్ని ఆయాసమనుకుని నీలం డబ్బా ఖాళీ చేయకండి. ఒక్కటి చూసుకోవాలి. ఎస్సిటలోప్రామ్ కొందరిలో ఈసీజీలో క్యూటీ అనే కొలతని సాగదీస్తుంది. సాల్బ్యుటమాల్‌ని ఆవిరిలా పట్టించే నెబ్యులైజర్ పదేపదే పెట్టినా, స్టెరాయిడ్ మాత్రలు తోడైనా రక్తంలో పొటాషియం తగ్గుతుంది. రెండూ కలిస్తే గుండె లయకి మంచిది కాదు. 60 దాటినవాళ్ళు, గుండె జబ్బు ఉన్నవాళ్ళు ఆస్పత్రిలో నెబ్యులైజర్ పెట్టించుకునేటప్పుడు ఆ మాత్ర పేరు చెప్పండి, చాలు.

అటరాక్స్ అని దురదకి ఇచ్చేది, హైడ్రాక్సిజిన్, దాన్ని టెన్షన్‌కి కూడా ఇస్తారు. అది మన ఒంట్లో మారి ఏమవుతుందో తెలుసా? సెటిరిజిన్! మీ పిల్లలకి జలుబుకి, అలర్జీకి మాంటెలుకాస్ట్, లివోసెటిరిజిన్ కలిసిన మాత్ర ఇస్తారు కదా, అందులోదీ దాని తోబుట్టువే. రెండూ కలిపి వేసుకుని పగలంతా తూగుతూ, "ఈమధ్య నీరసంగా ఉంటోందండీ" అనేవాళ్ళని చూశాను.

మాంటెలుకాస్ట్ అన్నాను కాబట్టి, అది ఉబ్బసానికి కూడా ఇస్తారు, పిల్లల తల్లులు వినండి. 2020 మార్చిలో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ మందు మీద అన్నిటికంటే గట్టి హెచ్చరిక, నల్ల గీతల పెట్టెలో వేసేది, అది వేయించింది. పీడకలలు, చిరాకు, దిగులు, కొందరిలో చచ్చిపోవాలనే ఆలోచనలు కూడా రావచ్చని. అందరికీ రాదు, చాలామందికి ఏమీ కాదు. కానీ మందు మొదలుపెట్టాక పిల్ల రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంటే, పరీక్షల టెన్షన్ అనుకుని తాయెత్తు కట్టకండి, టెన్షన్ మాత్ర కోసం వెళ్ళకండి. ముందు ఆ మాంటెలుకాస్ట్ రాసిన డాక్టరుకి చెప్పండి. ఆయాసం ఎక్కువైనప్పుడు ఇచ్చే స్టెరాయిడ్ మాత్రలు, ప్రెడ్నిసలోన్, అవి కూడా నిద్ర చెడగొడతాయి, మనసుని అటూ ఇటూ ఊపుతాయి. రోజుకి ఒకసారే అయితే పొద్దున టిఫిన్ తిన్నాక వేసుకుంటారు, రాత్రి కాదు.

మాస్టారు ఏదో అడుగుతున్నారు. చెప్పండి మాస్టారూ... ఆ. మృగశిర కార్తెకి హైదరాబాదు వెళ్ళి చేప ప్రసాదం తీసుకున్నారట, అది కూడా డాక్టరుకి చెప్పాలా అంటున్నారు. చెప్పండి మాస్టారూ. దాని మీద మీతో వాదన పెట్టుకోను, మీ నమ్మకం మీది. నాంపల్లిలో క్యూలో నిలబడేటప్పుడు జేబులో ఇన్‌హేలర్ ఉండాలి, తిరిగొచ్చాక కూడా ఉండాలి. ఆకు పసరు తాగినా చెప్పండి, పొడి తిన్నా చెప్పండి.

ఇంకెవరు? ఆ అమ్మాయి... "మా అత్తయ్యకి టెన్షన్ మాత్ర రాశారు, ఆవిడ ఊపిరి డాక్టరు దగ్గర చెప్పనివ్వదు, నలుగురిలో పిచ్చి మందనుకుంటారని." అవునమ్మా, నాకు తెలుసు. మాటతో చెప్పలేకపోతే, అన్ని స్ట్రిప్‌లూ ఒక కవర్లో వేసి డాక్టరు టేబుల్ మీద పెట్టేయమను. నోరు విప్పనక్కర్లేదు. నేనూ అదే చేస్తాను. ఎందుకంటే నేనూ వాడాను, రెండేళ్ళు, సెర్ట్రలిన్. రిటైరైన కొత్తల్లో. ఇందాక అందరినీ చేతులెత్తమన్నాను కానీ, గమనించారా, నా చేయి నేనూ ఎత్తలేదు.

సరే, టైమయింది. మందుల సంచులు తెచ్చుకోమని ముందే చెప్పించాను. ఆ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చుంటాను, స్ట్రిప్‌ల వెనక అక్షరాలు కలిసి చదువుదాం. నేను చీటీలు మార్చను, ఏం అడగాలో ఒక కాగితం మీద రాసిస్తాను, అది మీ డాక్టరుకి చూపించండి. భూతద్దం తెచ్చాను. అత్తయ్యగారి సంచీ ఉందా అమ్మా నీ దగ్గర? అయితే నువ్వే ముందు రా.